గింజల బకెట్ చప్పుడు

నెవాడా ఎడారిలో పట్టుకొచ్చిన అడవి గుర్రాలను మచ్చిక చేసి, మంచి ఇళ్లు చూసి అప్పగించడం మా పొరుగు గ్రాషియానా పని. గింజల బకెట్ ఊపితే నడిచి రావడమే ఆమె వాటికి నేర్పే మొదటి పాఠం. ఒక బూడిదరంగు ఆడగుర్రానికి అది నేర్పడానికి చలికాలమంతా పట్టింది. మంచు కురుస్తున్న ఒక ఉదయం అది తొలిసారి ఆమె అరచేతిలో వెచ్చగా ఊపిరి వదిలింది.

దాన్ని ఒక ఇంటికి అప్పగించిన మూడేళ్ల తర్వాత వేలం దొడ్డిలో, కబేళా లారీ ఎక్కించబోతున్న మందలో, అది కనిపించింది. మెడ మీద వేసిన గుర్తింపు ముద్ర చూసి గ్రాషియానా గుర్తుపట్టింది.

"దాన్ని నాకిచ్చెయ్, డెల్!"

"అమ్ముడైపోయిందక్కా. కాయితాలు కూడా లారీవాడి చేతికెళ్లిపోయాయి," అన్నాడు దొడ్డి పనివాడు డెల్.

ఆమె పరుగెత్తి లారీవాణ్ణి బతిమాలింది.

"ఒక్కటి తగ్గినా మావాళ్లు నన్ను బతకనివ్వరమ్మా," అన్నాడతను.

వెనక గింజలు గలగలలాడాయి. మిగతా గుర్రాలు బెదిరి మూలకు చేరితే, బూడిదరంగుది మాత్రం చెవులు నిక్కించి, డెల్ ఊపుతున్న బకెట్ వెంట లారీలోకి నడిచింది.

"చూశావా అక్కా, ఎంత బుద్ధిమంతురాలో! ఎవరు నేర్పారో గానీ వాళ్లకి దణ్ణం పెట్టాలి."



ఇప్పుడు గ్రాషియానా దగ్గర ఒక నల్లగుర్రం ఉంది. పెంచుకుంటామని అడగవచ్చినవాళ్లను "ఇంకా మచ్చిక కాలేదు" అని పంపేస్తుంది. పొద్దున్నే గింజలు చప్పుడు కాకుండా నేలమీద పోసి, అది తనవైపు చూడకముందే వెనుదిరుగుతుంది.