చప్పుడు లేని సముద్రం

మొన్న ఆదివారం వంటింట్లో రాగిజావ కలుపుతుంటే, ముందుగదిలోంచి పిల్లల అల్లరి ఒక్కసారిగా ఆగిపోయింది. మా ఇంట్లో నిశ్శబ్దం అంటే ఏదో కొంప మునుగుతోందని అర్థం. గరిటె పట్టుకునే పరుగెత్తాను. ఐదేళ్ల మా పెద్దది నా ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, రెండేళ్లది దాని భుజం మీద గడ్డం ఆనించి నిద్రపోతోంది. తెరమీద విశాఖపట్నం సముద్రం. అలలు లేస్తున్నాయి, విరుగుతున్నాయి, తెల్లగా పరుచుకుంటున్నాయి, చప్పుడు మాత్రం లేదు. "చెల్లి లేచిపోతాదని సౌండు తీసేశానమ్మా" అంది పెద్దది గుసగుసగా. నా చేతిలోని గరిటె జారి కింద పడింది. చిన్నది లేచి ఏడుపు అందుకుంది. ఏమైందని మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. ఆ చప్పుడు లేని సముద్రాన్ని నేను చిన్నప్పుడే ఎరుగుదును. దాన్ని నాకు చెప్పింది మా అమ్మ. దానికి చప్పుడు ఉంటుందని చూపించింది సన్యాసమ్మ టీచరు.

సెలవులకి పిల్లల్ని విశాఖ తీసుకెళ్లి రెండ్రోజులు తిప్పుదామని మేం అనుకుంటున్న రోజులివి. మా ఆయన కాగితం మీద రాయడు కానీ నోటితో ప్లాను చదువుతూనే ఉంటాడు. జూ, కొండమీద పార్కు, తీరంలోని జలాంతర్గామి, మాల్‌లో మెట్లు వాటంతటవే పైకెళ్లే సరదా, సాయంత్రం సముద్రం. వింటుంటే నాకే కాళ్లు పీకుతున్నాయి. ఇలాంటప్పుడు ఫోను చేసి సలహా అడగాల్సిన మనిషి, ఆ టీచరు, పోయిన వానాకాలంలో చనిపోయారు. ఆ కబురు కూడా నాకు సంతలో, కూరగాయలు బేరమాడుతుండగా తెలిసింది. చెప్పినావిడ మామూలుగా చెప్పేసి వంకాయలు ఏరుకుంటోంది. నేను సంచీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశానని రాత్రి వంట మొదలెట్టేదాకా గుర్తే లేదు.

అరకు లోయలో మా ఊరి బడికి సన్యాసమ్మ టీచరు విజయనగరం పక్క పల్లెల నుంచి వచ్చారు. పొట్టి మనిషి, మందపాటి కళ్లద్దాలు, నడకలో ఎప్పుడూ ఏదో బండి వెళ్లిపోతున్నంత తొందర. పాఠం చెప్పేటప్పుడు పుస్తకం భాష, పాఠం అయ్యాక వాళ్ల ఊరి భాష. "ఒలే గుంటా" అని పిలిచారంటే కోపం లేనట్టు, "అమ్మా" అన్నారంటే వీపు చూసుకోవాలన్నట్టు. చెట్టు కొడుతుంటే కొమ్మ మీద పడి నాన్న కాలు విరిగాక, మా అమ్మ చిలకమ్మ విశాఖలో ఒకరింట్లో పసిపిల్లాణ్ణి చూసుకునే పనికి వెళ్లింది. నేను మామ్మ దగ్గర ఉండిపోయాను. ఆదివారం ఇంటావిడ ఫోను ఇస్తే అమ్మ టీచరు ఫోనుకి చేసేది. సిగ్నలు బడి వెనక దిబ్బ మీద తప్ప ఎక్కడా అందేది కాదు. సెలవు రోజైనా టీచరు నన్ను ఆ దిబ్బ ఎక్కించి, స్పీకరు పెట్టి, తన కొంగు నా నెత్తిమీద ఎండకి అడ్డం పట్టుకుని నిలబడేవారు.

అమ్మ తన గురించి ఏమీ చెప్పేది కాదు. నేను ప్రతిసారీ సముద్రం గురించే అడిగేదాన్ని. పట్నంలో ఉన్న మనిషి రోజూ సముద్రం ఒడ్డునే ఉంటుందని నా నమ్మకం. "నీలంగా ఉంటాది గుంటా. సివర కనబడదు. నీళ్లు లేత్తాయి, మళ్లీ పడుకుంటాయి" అనేది. "మన గెడ్డలాగ గోల సేత్తాదా?" అంటే, "నేదు, నేదు. సప్పుడే సెయ్యదు. ఎంత పెద్దదైనా బుద్ధిగా ఉంటాది" అనేది. వానాకాలంలో మా ఊరి గెడ్డ, అంత చిన్న వాగు, రాళ్ల మీద పడి రాత్రంతా హోరుమంటుంది. అంతటి సముద్రానికి నోరే లేదంటే నాకు గొప్ప ఆశ్చర్యంగా ఉండేది. ఆ సంగతి బడిలో అందరికీ చెప్పి కాలరెగరేసేదాన్ని.

మూడో తరగతిలో ఉండగా టీచరు మా చిన్నపిల్లలందర్నీ విశాఖ తీసుకెళ్తానన్నప్పుడు ఊళ్లో పెద్దలు నోళ్లు వెళ్లబెట్టారు. పెద్ద బడి వాళ్లే అలాంటి సాహసం చెయ్యరు. వెళ్లేటప్పుడు రైలు, రాత్రికి ఆమెకి తెలిసిన వాళ్ల బడిలో పడక, పొద్దున్న జంతువుల్ని చూడటం, మధ్యాహ్నం సముద్రం, సాయంత్రం తిరుగు బస్సు. దానికి ఆమె చేసిన సన్నాహం పెళ్లికి కూడా ఎవరూ చెయ్యరు. చేంతాడుకి ముడులు వేసి, ముడికో పిల్లని పట్టుకోమని, సంత రోజున ఆ జనంలో అటూ ఇటూ నడిపించారు. ఎండుచేపల దుకాణం ఆయన పకపకా నవ్వి, "మేకల్ని తోలుకెల్తన్నావేటి టీచరమ్మా?" అన్నాడు. "మేకలకైతే దారి తెలుసును బాబూ, ఈళ్లకి తెల్దు" అని ఆమె ఆగకుండా వెళ్లిపోయారు. ముందు ఆదివారం తనొక్కరే విశాఖ వెళ్లి పిల్లలు ఎక్కడ ఒంటికి వెళ్లాలో కూడా చూసివస్తానని చెప్పారు. అసలు ఊరు చూడ్డమంటే ముందు అదే చూడాలట.

ఆమె బయల్దేరే ముందురోజు క్లాసులో ఒక్కొక్కరినీ లేపి, "పట్నంలో ఏటి సూడాలనుంది?" అని అడిగారు. ఒకడు సింహం అన్నాడు, ఒకత్తె ఓడ అంది. నా వంతు వచ్చేసరికి గొప్పగా లేచి, "నాకు సముద్రం కొత్తకాదండి. మా అమ్మ సెప్పింది. అది సప్పుడు సెయ్యదు" అన్నాను. క్లాసంతా నావైపు గౌరవంగా చూసింది. టీచరు మాత్రం సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు. ఆ మాట దిబ్బ మీద ఫోనులో ఆమె ఎన్నోసార్లు వినే ఉంటారు, బహుశా పెనుగాలిలో పట్టించుకోలేదేమో. "అలాగేటి?" అని మాత్రం అన్నారు. తర్వాత కళ్లద్దాలు తీసి కొంగుతో చాలాసేపు తుడుచుకున్నారు.

విశాఖ నుంచి తిరిగొచ్చాక ఆమె చెప్పిన మాటకి మేమంతా నిర్ఘాంతపోయాం. జూ లేదు. పొద్దున్న సముద్రం, అక్కణ్ణించి అన్నం తిని బస్సు, అంతే. సింహం కోసం కలలు కంటున్నవాడు నేలమీద పడి దొర్లాడు. "ఒక్క పూటకి ఒక్క సోటు సాలు. పరుగులెట్టి పది సోట్లు సూత్తే ఇంటికొచ్చాక ఏటీ గుర్తుండదు" అన్నారామె. అన్నమాట మీద ఆమె నిలబడే మనిషే, కానీ తనే చేసిన ప్లాను తనే మార్చడం మేమెప్పుడూ చూడలేదు. కారణం ఎవరికీ చెప్పలేదు. నాకైతే మరీ అన్యాయం అనిపించింది. తెలిసిన సముద్రం కోసం తెలియని సింహాన్ని వదిలేయడమేమిటని రైల్లో సొరంగం వచ్చినప్పుడల్లా అందరితోపాటు అరుస్తూనే మూతి ముడుచుకు కూర్చున్నాను.

తెల్లారి తాడు పట్టుకుని, ముడికొకరం, సముద్రం వైపు నడిచాం. రోడ్డు దాటకముందే వినబడింది. పెద్ద లారీలు బండరాళ్లు గుమ్మరిస్తున్నట్టు, ఆగి, మళ్లీ గుమ్మరిస్తున్నట్టు. "అదేటండి?" అన్నాను. "సముద్రం" అన్నారు టీచరు. నేను నమ్మలేదు. ఇసుక మీదికి దిగి ఆ నీళ్లు లేచి పడటం కళ్లారా చూశాకే నమ్మాను. అంత హోరు! మా గెడ్డలు వంద కలిసినా అంత నోరు చెయ్యవు. తాడు వదిలేశాను. అటు తిరిగేసరికి, పడవ పక్కన, మా అమ్మ.

నాకు కలో నిజమో తెలియలేదు. నీలం చీర, చంకలో ఎవరి పిల్లాడో, బొద్దుగా, తెల్లటి టోపీ పెట్టుకుని. "అమ్మా!" అని పరిగెత్తి కాళ్లు చుట్టేసుకున్నాను. ఆ పిల్లాడు పైనుంచి నా జుట్టు పట్టుకుని లాగి, "నా అమ్మ" అని ఏడుపు మొదలెట్టాడు. నాకు నెత్తురు మరిగింది. ఎన్నాళ్ల నుంచో నేను ఎక్కాల్సిన చంకలో వాడు కూర్చుని నన్నే తోస్తున్నాడు. అమ్మ ఒక చేత్తో వాణ్ణి ఓదారుస్తూ, ఒక చేత్తో నా తల నిమురుతోంది, నా వైపు చూడటం లేదు. ఆ నీళ్లనే చూస్తోంది. అల ఒకటి దగ్గరికి వస్తే, "ఓలమ్మో!" అని నాకంటే ముందు తనే వెనక్కి గెంతింది.

"అమ్మా, సప్పుడు సెయ్యదని సెప్పినావు" అన్నాను.

అమ్మ పిల్లాణ్ణి ఇంకో చంకలోకి మార్చుకుంది. టీచరు వైపు చూసింది, మళ్లీ నా వైపు చూసింది. "నేనూ ఇదే సూడ్డం గుంటా" అంది.

పిడుగు పడ్డట్టయింది. ఆ ఊళ్లోనే ఉంటూ, వారం వారం నాకు సముద్రం చెబుతూ, మా అమ్మ సముద్రం చూడలేదు! "మరి నీలంగా ఉంటాదని..." అన్నాను. "టీవీల సూసినాను. ఈ బాబు పడుకున్నప్పుడు సౌండు తీసేసి పెట్టుకునేదాన్ని. అది సప్పుడు సెయ్యదనే అనుకున్నాను" అంది అమ్మ. ఇల్లు దాటి ఎక్కడికీ వెళ్లలేదట. పిల్లాణ్ణి ఒక్క క్షణం వదలకూడదని ఇంటావిడ మాట. ఆదివారం టీచరు వెళ్లి ఆవిడ కాళ్లావేళ్లా పడితే, పొద్దున్న పూట మాత్రం, పిల్లాణ్ణి కూడా తీసుకెళ్తేనే పంపుతానందట. మా సింహం పోయింది అందుకు.

అప్పుడు సన్యాసమ్మ టీచరు తాడు కొస పెద్ద పిల్లకి ఇచ్చి, అమ్మ దగ్గరికొచ్చి, రెండు చేతులూ చాపారు. "ఆ గుంటణ్ణి ఇటియ్యి చిలకమ్మా." అమ్మ భయపడిపోయింది. "కొత్త మడిసి దగ్గర ఉండడు టీచరమ్మా, ఏడుత్తాడు." "ఏడవనియ్యి. నీ సేతులు కాళీ అవ్వాలి. బేగి ఇయ్యి, టైము నేదు." ఇచ్చింది. పిల్లాడు కేకలు పెట్టాడు, కాళ్లు కొట్టుకున్నాడు, టీచరు కళ్లద్దాలు లాగి ఇసుకలో పారేశాడు. ఆమె వాటిని తీసుకోవడానికి కూడా వంగలేదు, వాణ్ణి గట్టిగా పొదుముకుని రోడ్డువైపు తిరిగి నిలబడ్డారు, వాడికి మా అమ్మ కనబడకుండా.

అమ్మ చేతులు కాసేపు అలాగే వంగి ఉండిపోయాయి, పిల్లాడు ఇంకా అందులో ఉన్నట్టే. తర్వాత నన్ను ఎత్తుకుంది. మూడో తరగతి పిల్లని, నా కాళ్లు ఆమె మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి, అయినా ఎత్తుకుని నీళ్లలోకి నడిచింది. అల వచ్చి కొడితే ఇద్దరం ఒక్కసారే కెవ్వుమన్నాం. అమ్మ అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. ఏడుస్తోందో నవ్వుతోందో ఆ నీళ్లలో తెలియలేదు. నేను మాత్రం ఏడ్చాను, అబద్ధం చెప్పిందని కాదు. ఆమెని అన్నాళ్లు అలా ఉంచేశారని, నాకెవరూ చెప్పలేదని.

పెద్దదాన్నయి నర్సు ఉద్యోగంలో చేరాక, ఒకసారి టీచరు ఇంటికి వెళ్లి అడిగాను. "మీకు ఎప్పుడు తెలిసింది?" "నువ్వు క్లాసుల లేచి గొప్పలు సెప్పినావు సూడు, అప్పుడే. సప్పుడు సెయ్యని సముద్రం ఎక్కడుంటాది?" అన్నారు. "మరి అప్పుడే నాతో ఎందుకు చెప్పలేదు?" అంటే, జంతికలు నా ముందు పెట్టి, "సెప్తే ఏటుంది? నీకూ సముద్రం పోద్ది, మీ అమ్మకీ పోద్ది. ఇద్దరికీ ఒక్కసారే సూపిద్దావనుకున్నాను" అన్నారు. "మీరు చూశారా ఆరోజు?" అన్నాను. "ఎక్కడ! ఆ గుంటడు దింపనిత్తేగా. నా కాళ్లు తడవనేనేదు" అని పకపకా నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆమె ఆ పూటంతా సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డారన్నది నాకు అప్పుడే తట్టింది.

మొన్న గరిటె కడుక్కుని వచ్చి కూర్చున్నాక, మా ఆయన మళ్లీ ప్లాను మొదలెట్టాడు. "ముందు ఒక సంగతి చెప్పు. సముద్రం దగ్గర చిన్నదాన్ని ఎవరు ఎత్తుకుంటారు?" అన్నాను. "నువ్వే కదా" అన్నాడు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. "కాదు, నువ్వు. సగం పూట నీ చేతులు, సగం పూట నావి" అన్నాను. ఆయన నా ముఖం చూసి, జూని, మాల్‌ని ప్లానులోంచి తీసేశాడు. అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటుంది. ఆమె పేరు కూడా టిక్కెట్టులో ఉంది. ఈసారి ఆమె చంకలో ఎవర్నీ పెట్టేది లేదు.

పెద్దది ఇంకా ఫోను వదల్లేదు. చెల్లెలు లేచిపోయినా సౌండు పెట్టడం మరిచిపోయింది. అలలు లేస్తూనే ఉన్నాయి. "అమ్మా, సముద్రం సప్పుడు సేత్తాదా?" అని అడిగింది. నా వేలు ఫోను పక్కనున్న బటన్ మీదికి వెళ్లింది. అక్కడే ఆగిపోయింది. ఫోను తీసి పక్కన పెట్టి, దాని చెవుల మీదికి జారిన జుట్టు వెనక్కి సర్దాను.

"నేను చెప్పను" అన్నాను. "అమ్మమ్మ చెయ్యి పట్టుకుని వెళ్లి, నువ్వే విను."