అమెరికా సినిమాకు కాశిబుగ్గ ఇంటర్వెల్

మా స్టీలు సామాన్ల దుకాణం షట్టరు ఎత్తుతుంటే ఫోనొచ్చింది. "సార్ పోయిండురా. దవాఖానకు తీస్కపోయెలోపే పాణం పోయింది" అన్నాడు నాతో ఇంటర్ చదివిన మిత్రుడు. ఎత్తిన షట్టరు మళ్లీ దించేసి కాశిబుగ్గకు బయల్దేరాను. దారిపొడుగునా ఏడుస్తూనే ఉన్నాను. హెల్మెట్ ఉంది కాబట్టి ఎవరూ చూడలేదు.

ఆయన మాకు ఇంగ్లిష్ చెప్పిన సార్. రిటైరయ్యాక ఆదివారం మధ్యాహ్నాలు తన మేడమీది గదిలో తెల్లదుప్పటి కట్టి, ప్రొజెక్టర్ పెట్టి దేశదేశాల సినిమాలు చూపించేవారు. చూసేది మేమే. పాత విద్యార్థులం, వీధిలో మగ్గం నేసే తాత, పక్కింటి టైలరు. సార్ తెర పక్కన నిలబడి మాటలన్నీ తెలుగులో చెప్పేవారు. తెర మీద తెల్లాయన భార్యతో "గుడ్ మార్నింగ్" అంటే, సార్ "ఏమే, తిన్నవా?" అనేవారు. అర్థం మారిందని ఎవరూ కొట్లాడలేదు.

ఇంటర్వెల్ కూడా ఆయన పెట్టిందే. పరాయి దేశాల సినిమాలకు ఇంటర్వెల్ ఉండదు కదా. "లేకుంటె మనమే పెట్టుకుంటం. చాయ్ లేని సినిమా నాకెందుకు?" అని తనకు తోచిన చోట ఆపేసేవారు. అప్పటికి కింద వంటింట్లో సార్ భార్య చాయ్ మరిగించి, మిర్చి బజ్జీలు వేసి సిద్ధంగా ఉంచేది. ఆమెను మేమంతా అమ్మ అనే పిలుస్తాం.

సార్‌కు ప్రాణమైన సినిమా ఒకటుంది. యూరప్ నుంచి వెళ్లిన ఒక దర్శకుడు అమెరికాలో తీసింది. అమెరికా అంటే మేమనుకున్న అద్దాల మేడలు అందులో ఒక్కటీ లేవు. మక్కజొన్న చేన్ల నడుమ చిన్న ఊరు, భార్య పోయిన ఒక ముసలాయన. ట్రక్కు కడుగుతాడు, కుక్కకు తిండి పెడతాడు, ఎవరైనా పలకరిస్తే బాగున్నానంటాడు. అంతే. మొదటిసారి చూసినప్పుడు టైలరు ఉండబట్టలేక, "ఏంది సార్, పెండ్లాం సచ్చిపోతె గింతంత గూడ ఏడ్వడా?" అన్నాడు.

"ఏడుస్తాండు, జర మంచిగ చూడు" అన్నారు సార్. "డైరెక్టర్ బయటోడు గాబట్టి కనబడ్డది. ఆ ఊరోళ్లకు అలవాటైపోయుంటది."

ఆ సినిమాను ఎన్నిసార్లు వేసినా ఒకేచోట ఆపేవారు. ముసలాయన అలవాటు కొద్దీ బల్ల మీద రెండు పింగాణీ ప్లేట్లు పెడతాడు. వాటిని చూస్తూ నిలబడిపోతాడు. అక్కడ ఇంటర్వెల్. చాయ్ తాగుతూ మావాళ్లు తమ ఇళ్లలో పోయినవాళ్ల గురించి మాట్లాడుకునేవారు. ఎప్పుడో పోయిన తమ్ముడి గురించి మగ్గం తాత చెప్పగా నేను విన్నది అక్కడే. సార్ మధ్యలో కల్పించుకోకుండా మిర్చీలు అందిస్తూ ఉండేవారు. మాకు ఆ మాటలు రావడానికే ఆ గది నడిపారేమోనని ఇప్పుడు అనిపిస్తోంది. ఆయనకు ఆ మాట చెప్పి ఉండాల్సింది.

సార్ పోయాక అమ్మ ఏడవలేదు. చుట్టాలు మీదపడి ఏడ్చినా కదల్లేదు. దినాలు అయిపోయాక కూడా గోడను చూస్తూ కూర్చునేది, ముద్ద నోట పెట్టేది కాదు. ఆమె చెల్లెలు మమ్మల్ని పిలిచి, "మీరన్న ఏమన్న చెయ్యుండ్రి బిడ్డా. అక్క గిట్లనె ఉంటె మాకు దక్కది" అంది. మాకు చేతనైంది ఒక్కటే. ఆదివారం దుప్పటి కట్టి ఆ సినిమా వేశాం.

చాయ్ పని చెల్లెలు చూసుకుంది. అమ్మను తీసుకొచ్చి మా మధ్య కూర్చోబెట్టాం. తెర మీద రెండు ప్లేట్లు కనిపించగానే టైలరు ఆపడానికి చేయి చాచాడు.

"ఆపకుండ్రి" అంది అమ్మ. "నేనెన్నడు ఇది చూడలే. గప్పుడు కింద మిర్చీలు ఏస్తుంటి."

టైలరు చేయి వెనక్కి తీసుకున్నాడు. ముసలాయన రెండో ప్లేటు తీసి అలమరలో పెట్టేశాడు. కుర్చీ లాక్కుని తినడం మొదలుపెట్టాడు. అమ్మ లేచి, తూలుతూ తెర దాకా నడిచింది.

"అయ్యో, ఒక్కడె తింటాండు! ఎవరన్న పోయి పక్కపొంటి కూసోండ్రి! ఆ అయ్యకు ఎవ్వరు లేరా?" అని గొంతెత్తి ఏడ్చింది. కింది నుంచి చెల్లెలు పరుగెత్తుకొచ్చి పట్టుకుంది. మాలో ఏడవనివాళ్లు లేరు.

ప్రొజెక్టర్ వెలుగు అమ్మ వీపు మీద పడుతోంది. ఆమె తెల్లచీర మీద ఆ ముసలాయన చేయి, ప్లేటు నుంచి నోటికీ నోటి నుంచి ప్లేటుకూ నెమ్మదిగా కదులుతూనే ఉంది.