గెస్టుల బాత్రూం

మా కాలేజీలో ఇంజనీరింగ్ ఆడపిల్లల సంఘాన్ని మొదలుపెట్టింది నేనే. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఈ మాట గొప్పగా చెప్పుకున్నాను, వాళ్లు మెచ్చుకున్నారు కూడా. దాని లోపలి కంపు మాత్రం ఎవరికీ చెప్పలేదు.

కాలేజీ హిందూపురం నుంచి పెనుకొండ పోయే రోడ్డు మీద ఉంది. మెకానికల్ బ్రాంచిలో ఆడపిల్లలం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమి. నాకంటే రెండేళ్లు చిన్నది ఒకమ్మాయి రోజూ ధర్మవరం నుంచి వచ్చేది. వాళ్ల నాయన పట్టుచీరలు నేస్తాడు. పుట్టినప్పటి నుంచి మగ్గం పక్కనే పెరిగిందేమో, యంత్రమంటే ప్రాణం. ఆ పిల్ల లేత్ మిషను ముందు నిలబడితే మా సారే పక్కకు జరిగేవాడు.

వర్క్‌షాప్ బ్లాకులో ఆడవాళ్లకని ఒక బాత్రూం కట్టారు గానీ దానికి ఎప్పుడూ తాళమే. కుళాయి చెడిపోయిందనేవారు. మమ్మల్ని గ్రౌండు అవతల మెయిన్ బ్లాకుకు పొమ్మనేవారు. పోయి వచ్చేలోపు ల్యాబ్‌లో ఆబ్సెంట్ పడేది. అందుకని ఆ పిల్ల తెల్లారి ధర్మవరంలో బస్సెక్కింది మొదలు సాయంత్రం దాకా నీళ్లు ముట్టేది కాదు.

"తాగితే పోవల్లొస్తాది గదక్కా," అనేది నవ్వుతూ.

ఒకసారి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి వారం రోజులు మంచం దిగలేదు. ఇంకోసారి ఇట్లయితే ఈ చదువు మాన్పించి ఊళ్లోనే డిగ్రీలో చేరుస్తానని నాయన గట్టిగా చెప్పేశాడు.

ఆ తాళం తీయించడానికే నేను సంఘం పెట్టాలనుకున్నాను. అర్జీలో మొదటి కోరిక అదే రాశాను. ప్రిన్సిపాల్ చదివి, ఏదో వాసన తగిలినట్టు ముఖం పెట్టాడు.

"సంఘం పెట్టుకోండమ్మా, కాలేజీకి మంచి పేరొస్తాది. ఈ బాత్రూం సంగతి మాత్రం తీసెయ్. ఆడపిల్లలు రాసే మాటలేనా ఇవి?"

తీసేశాను. ముందు సంఘం రానీ, తర్వాత చూసుకుందాం అని ఆ అమ్మాయికి చెప్పాను. నమ్మింది.

ప్రారంభోత్సవం వర్క్‌షాప్ బ్లాకు హాల్లోనే జరిగింది. ఆడ ఇంజనీర్ల సంఘానికి వేదిక మీద అందరూ మగవాళ్లే. మాకేమో చీరలు, ముగ్గులు, పూల పళ్లేలు. మగ్గానికి దారపు కండెలు చుట్టే చిన్న యంత్రాన్ని ఆ అమ్మాయి నెల రోజులు కూర్చుని చేసింది. అందరూ చూస్తారని బల్ల మీద పెడితే, దాని మీద బొకేలు పడేశారు. ఒకాయన మైకు పట్టుకుని స్త్రీ అంటేనే ఓర్పు అని అరగంట వాయించాడు.

ముఖ్య అతిథి వెంట ఆయన భార్య వచ్చింది. ఆమె కోసం తాళం తీశారు. లోపల కడిగి, కలరా ఉండలు వేసి, కొత్త సబ్బు, తెల్ల టవలు పెట్టారు. చెడిపోయిందన్న కుళాయిలో నీళ్లు బ్రహ్మాండంగా వచ్చాయి.

ఆమె బయటికి రాగానే మా అమ్మాయి గబగబా అటు నడిచింది. పొద్దుటి నుంచి పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. అటెండరు అడ్డం వచ్చాడు.

"యాడికమ్మా? ఇది గెస్టులకు. మీది ఆడ మెయిన్ బ్లాకులో ఉండాది గదా."

ఆ పిల్ల నా వైపు తిరిగింది. "అక్కా, నువ్వన్నా చెప్పు."

అప్పుడే వేదిక దగ్గర్నుంచి కేకేశారు, ప్రెసిడెంట్ ఎక్కడ, గ్రూప్ ఫోటో అని. ప్రెసిడెంటును నేనే.

"కొంచెం ఓర్చుకోమే, ఫోటో అయిపోనీ," అన్నాను. మైకాయన మాటే నా నోట్లోంచి వచ్చింది.

ఎవరో పెద్దమనిషి దారిలో ఉన్నాడని మమ్మల్ని అరగంట అట్లాగే వరుసలో నిలబెట్టారు. ఫోటో అయ్యేసరికి తాళం మళ్లీ పడింది. ఆ అమ్మాయి గ్రౌండు దాటి మెయిన్ బ్లాకుకు పోయింది. పరిగెత్తే ఓపిక కూడా లేదు.

ఆ వారమే మళ్లీ ఇన్ఫెక్షన్‌తో జ్వరమొచ్చి పుట్టపర్తి ఆసుపత్రిలో పడింది. నాయన అన్నంత పనీ చేశాడు. టీసీ తీసుకోవడానికి వచ్చినప్పుడు ఆ పిల్లను పట్టుకుని బతిమాలాను, ఉండిపో, ఈసారి ఎట్లాగైనా ఆ తలుపు తెరిపిస్తానని.

"ఆ పొద్దు తలుపు తెరిచే ఉన్నింది గదక్కా," అంది. కోపంగా కూడా అనలేదు.

మరుసటి రోజు ఫిట్టింగ్ సెక్షన్ నుంచి హాక్సా రంపం తెచ్చి, పట్టపగలు అందరి ముందే ఆ తాళం కోసేశాను. పది నిమిషాలు పట్టింది. ఒక్కరూ అడ్డం రాలేదు. ఇంత తేలికైన పనికా నేను సంఘం పెట్టి, అర్జీ దిద్ది, చీర కట్టి నిలబడింది! నా మీద నాకే రోత పుట్టింది.

ఆ ఫోటో ఇప్పటికీ కాలేజీ మెట్ల దగ్గర గోడకు ఉంది. ఎంత చక్కగా ఉన్నారో అంటారు చూసినవాళ్లు. కుడి చివర ఆ అమ్మాయి పెదవి కరుచుకుని, మోకాళ్లు దగ్గరకు బిగించి నిలబడి ఉంటుంది. మధ్యలో నేను పళ్లన్నీ కనపడేట్టు నవ్వుతుంటాను.