కాబోయే మామగారి రాయికి నా పరీక్షలు

ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి అన్నారు పెద్దలు. నాలుక సంగతి వాళ్లు చెప్పలేదు. చెప్పి ఉంటే మారేడ్‌పల్లిలో నా పరువు అంత ఘనంగా పోయేది కాదు. ఎలా పోయిందో వినండి.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు. కాలేజీలో భూగర్భశాస్త్రం కొన్నాళ్లు వెలగబెట్టి, భూమి పొట్టలో నాకు తెలియనిదేదీ లేదని నమ్ముతున్న రోజులు. అమ్మతో కలిసి మారేడ్‌పల్లికి, సుశీల అనే అమ్మాయి పెళ్లిచూపులకు వెళ్లాను. పిల్ల నాకు చూడగానే నచ్చేసింది. ఇక వాళ్ల నాన్నకు నేను నచ్చాలి.

ఆయన చాయ్ ఇప్పించి, "రాళ్ల సదువట గద. జెర గిది చూడు బిడ్డా," అంటూ మఖ్మల్ గుడ్డలోంచి కోడిగుడ్డంత రాయి తీశాడు. "గిదెక్కడిదంటే..."

"చెప్పకుండ్రి. సైన్సే చెప్తది."

గోటితో గీశాను, గీత పడలేదు. రాగి పైసాతో గీస్తే పడింది. చాయ్ సాసరు బోర్లించి అడుగున గరుకు అంచు మీద రుద్దాను. తెల్లటి చార వచ్చింది.

"గది మా మంచి సాసరు," అని సుశీల తల్లి గొణిగింది.

"సైన్సు ముంగట సాసరెంత, అత్తమ్మా." నాకప్పుడే అత్తమ్మ అయిపోయింది.

"గది కాదు బిడ్డా," అన్నాడాయన. "గిది నా..."

"మీదే. నేనేం గుంజుకపోను."

ఇక మిగిలింది రుచి పరీక్ష. ఉప్పురాయిని నాలుకతోనే పట్టాలని మా మాస్టారు చెప్పేవారు. కుల్ఫీ నాకినట్టు నాకాను. అనుమానం తీరక మళ్లీ నాకాను. తలుపు చాటున సుశీల కిసుక్కుమంది. నా తెలివికి మురిసిపోతోందనుకున్నాను.

"ఉప్పగున్నది," అని తేల్చేశాను. "ఎన్కటి సముద్రం ఎండిపోయి తయారైంది. దొరికిన జాగల ఇంకా ఉంటది, తవ్విపించుండ్రి."

ఆయన గబుక్కున పొట్ట పట్టుకున్నాడు. "వద్దు బిడ్డా, ఒక్కపారి కోసిందే సాలు."

నాకు అర్థం కాలేదు. ఆయనే జాలిపడి చెప్పాడు. "పటాలం సికింద్రాబాద్‌ల లోపటికొచ్చిన దినమే, దవఖానల ఇది నా లోపట్నించి బయటికొచ్చింది. మూత్రసంచిల రాయి. డాక్టర్ సాబ్ సుత చేతికి తొడుగేసుకొనే ముట్టిండు."

పెరట్లో గోలెంలోని నీళ్లన్నీ ఖాళీ అయ్యేదాకా పుక్కిలించాను. సంబంధం చెడిందని, సుశీల మొహం ఇక చూడలేనని ఏడుపొచ్చింది. తిరిగొచ్చేసరికి ఆయన అమ్మతో అంటున్నాడు: "నా పొట్టల రాయినే గంత ప్రేమగ చూసుకున్నోడు, నా బిడ్డను చూసుకోడా?"

పెళ్లయింది. కనుక సుశీల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ రాయి కనబడినా, ఎవరిదో అడిగాకే నోరు తెరుస్తాను.