అనిల్ కుమార్ అదృష్టం

నాచారంలో ఉండే బెన్నీకి ఈ లోకంలో ఒకే ఒక్క మనిషిని చూస్తే కడుపు మండుతుంది. ఆ మనిషి పేరు అనిల్ కుమార్, ఉండేది రామంతాపూర్‌లో. అతనికి ఎడమకాలు మోకాలి కింద లేదు. కాలు లేని మనిషిని చూసి ఎవరైనా కుళ్ళుకుంటారా అని మీరు అడగొచ్చు. బెన్నీ సంగతి తెలిస్తే అడగరు.

బెన్నీ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీలో పంతొమ్మిదేళ్ళు లేత్ మెషిన్ మీద పనిచేశాడు. ఆ జీతం చూపించి లోను తీసుకుని అరవై గజాల్లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశపు ప్రార్థన జరిగిన నాలుగో ఏట పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. కాలు కాస్త కోలుకుని కర్ర సాయంతో కదిలేదాకా వచ్చింది గానీ, చెయ్యి అలాగే ఉండిపోయింది. కంపెనీ మూడు నెలలు ఓపిక పట్టి, రావలసింది చేతిలో పెట్టి పంపేసింది. భార్య ఎస్తేర్ హబ్సిగూడలో ఒక బడిలో ఆయాగా చేస్తుంది. ఆమె జీతం తిండికీ మందులకూ సరిపోతుంది. ఇంటి కిస్తుకు మిగలదు. కంపెనీ ఇచ్చిన డబ్బు ఉన్నన్నాళ్ళు కట్టారు, అది అయిపోయాక మూడు కిస్తులు ఆగిపోయాయి. నెలాఖరులోగా కట్టకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుంటామని బ్యాంకు నుంచి కాగితం వచ్చింది.

సాయం అడగొచ్చు కదా అంటారు. అడిగే చోటు ఉంది కూడా. ఉప్పల్‌లో వాళ్ళు వెళ్ళే మందిరంలో, జబ్బుపడి ఇల్లు గడవని వాళ్ళ కోసం ఒక సహాయ నిధి పెట్టారు. ఆరు నెలలకు ఒక కుటుంబాన్ని ఎంచుకుని, ఆ ఆరు నెలల ఇంటి కిస్తో అద్దో సంఘమే కడుతుంది. కానీ అక్కడ బెన్నీ తన కొంప తానే ముంచుకున్నాడు.

కిందటేడు ఉపవాస కూటంలో పాస్టరుగారు నుదుట నూనె రాసి ప్రార్థన చేస్తుంటే బెన్నీకి ఒళ్ళంతా జల్లుమంది. చేతికర్ర కింద పడేసి మైకు దాకా నడిచాడు. "దేవుడు నన్ను ముట్టిండు. నేను స్వస్థత పొందిన" అని సాక్ష్యం చెప్పాడు. మందిరమంతా స్తోత్రాలతో దద్దరిల్లింది. పాపం, ఆ క్షణంలో అతను అబద్ధమాడలేదు, నిజంగానే నమ్మాడు. ఇంటికొచ్చి చెప్పులు విడిచేసరికి మాత్రం కాలు ఎప్పటి కాలే. అయితేనేం, సాక్ష్యం చెప్పేశాడు. చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకున్నవాడు ఆ సంఘంలో ఇంతవరకు లేడు. పైగా మరుసటి నెల సభల పోస్టరు మీద బెన్నీ ఫోటో వేశారు.

అప్పటినుంచి ఆదివారం నాడు కర్ర ఇంట్లో ఉంటుంది, కుడిచెయ్యి ప్యాంటు జేబులో ఉంటుంది, బెన్నీ బరువు ఎస్తేర్ భుజం మీద ఉంటుంది. ఈ వయసులోనూ ఎంత అన్యోన్యంగా ఉన్నారో అని ఆడవాళ్ళు మురిసిపోతుంటారు. వికలాంగుల పింఛనుకు కావలసిన సర్టిఫికెట్ కోసం మీసేవలో తేదీ తీసుకుని కూడా అతను డాక్టర్ల దగ్గరికి వెళ్ళలేదు. ఆ లైనులో సంఘంవాళ్ళెవరైనా చూస్తే ఏం చెప్పాలి?

ఇల్లు పోతుందన్న కాగితం వచ్చిన వారమే, షుగరు ముదిరి కాలు తీసేయించుకున్న ఆటో డ్రైవరు అనిల్ కుమార్‌కి ఈసారి నిధి ఇస్తున్నామని పాస్టరుగారు ప్రకటించారు. అతనిదీ లోను మీద కట్టిన ఇల్లే. బెన్నీకి ఆ రోజు వాక్యం ఒక్క ముక్క చెవికెక్కలేదు. అనిల్‌కి ఫ్యాను కింద కుర్చీ వేశారు. ఎవరో నీళ్ళ బాటిల్ మూత తీసి మరీ అందించారు. లేని కాలుకు ఎంత సుఖమో అనుకున్నాడు బెన్నీ. దాన్ని ఎవరూ అనుమానించరు. తన కాలు ఉండీ లేనిదే, కానీ ఆ సంగతి ఎస్తేర్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

"వానికి ఏడ్సుడు వస్తది. అందుకే ఇచ్చిన్రు" అన్నాడు ఇంటికొచ్చాక.

"నీకు నోరు తెరుసుడు రాదు. ఇల్లు పోయినంక ఆ పోస్టర్ కింద పండుకుందమా?" అంది ఎస్తేర్.

బుధవారం బెన్నీ షేర్ ఆటో ఎక్కి రామంతాపూర్ వెళ్ళాడు. పేరుకు పరామర్శ. అసలు పని, అనిల్ ఇంట్లో ఏమేం ఉన్నాయో చూసి రావడం. హాల్లో మార్బుల్ పరిచి ఉంది. అది చూసి తృప్తిగా కోపం తెచ్చుకున్నాడు. ఇంతున్నవాడికి సాయమెందుకో అనుకుంటూ కూర్చున్నాడు.

అనిల్ భార్య చాయ్ ఇచ్చి లోపలికి వెళ్ళాక, అనిల్ గొంతు తగ్గించాడు.

"అన్నా, నిధి కమిటీల పెద్దలకు చెప్పి మొదలు నీ పేరే రాయించిన. మందిరం మెట్లెక్కేటప్పుడు వదిన భుజం ఎట్ల పట్టుకుంటవో నేను సూస్తలేనా? కానీ నయమైందని బెన్నీయే మైకుల చెప్పిండు గదా అని నీ పేరు కొట్టేసిన్రు. గప్పుడు నాది రాసిన్రు."

బెన్నీ చాయ్ కప్పు కింద పెట్టేశాడు. అనిల్‌ని తిట్టుకోవడానికి ఉన్న ఒక్క ఆధారమూ పోయింది. వీడి ఇల్లు నిలబడింది, వీడి మాట చెల్లలేదు గానీ మనసు మంచిది, ఆ మంచితనం కూడా తన మీదే చూపించాడు. మనిషన్నవాడు ఇంత కూడా భరించాలా అని తిరుగు ఆటోలో పళ్ళు నూరుకున్నాడు. ఆటో హబ్సిగూడ దాటేసరికి మాత్రం ఒకటి తేలిపోయింది. తన పేరు కొట్టేయించింది అనిల్ కాదు. తన నోరే.

ఆదివారం అతను కర్ర పట్టుకునే మందిరానికి వెళ్ళాడు. సాక్ష్యాల వేళ లేచి, చాలాసేపటికి మైకు దగ్గరికి చేరాడు. "నాకు నయం కాలే. అయిందని నమ్మి చెప్పిన. చెప్పినంక సిగ్గయ్యి దాసిన. ఈ నెల కిస్తులు కట్టకపోతే మా ఇల్లు పోతది" అన్నాడు. ఒక్కరూ స్తోత్రం అనలేదు. పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, ఈ ఆరు నెలల నిధి ఇచ్చేశామనీ, వచ్చేసారి చూద్దామనీ మెల్లగా చెప్పారు. వచ్చేసారికి ఇల్లు ఉండదని ఎస్తేర్‌కి తెలుసు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఫ్యాను కింద కుర్చీలోంచి అనిల్ చెయ్యెత్తాడు. "అయ్యగారూ, నాకు రాసిన ఆరింట్ల మూడు అన్నకియ్యున్రి. నా తిప్పలు నేను పడత."

వద్దన్న మాట బెన్నీ నాలుక చివరిదాకా వచ్చింది. వీడి చేతి మీదుగా తీసుకోవడం కన్నా ఇల్లు పోవడమే నయమనిపించింది. ముందు వరసలో ఎస్తేర్ అతన్నే చూస్తోంది.

"సరే తమ్మీ" అన్నాడు మైకులో.

అందరూ అనిల్ కోసం చప్పట్లు కొట్టారు. మర్యాదకైనా తనూ కొట్టాలని బెన్నీ కర్రను చంకలో ఇరికించుకుని ఎడమచెయ్యి ఎత్తాడు. కుడిచెయ్యి లేవలేదు. ఎత్తిన చెయ్యి ఒక్కటీ గాలిలో అలాగే ఉండిపోతే, మందిరమంతా దాన్ని చూసింది.