వంగి చూసే మనిషి

కొంపల్లిలో మా కాలనీ గేటును విరగ్గొట్టింది రివర్సులో వచ్చిన నా కారే. కాలనీ మీటింగులో ఆ మాట నేను చెప్పలేదు. అందరూ స్కూలు వ్యాను నడిపే ఆమె మీద పడ్డారు.

జీడిమెట్ల మందుల కంపెనీలో ప్యాకింగు పని పోయాక, నలభై దాటి స్టీరింగు పట్టిన మనిషి. బండి తీసే ముందు వంగి, కింద పిల్లలెవరైనా ఉన్నారేమోనని చూసేది. "గా వంగుడేంది, యోగానా?" అని ఎగతాళి చేసేవాళ్లం.

"నేను ఇరగ్గొట్టలే సార్," అంది ఆ మీటింగులో, నావైపే చూస్తూ. ఆ వ్యాను పని కూడా పోయింది.

మొన్న శామీర్‌పేటలో నేను ఆపిన ఆటో ఆమెదే. క్షమించమన్నాను.

"నాకేం జెప్తవ్? నాకు ఎర్కనే గద. పోయి మీటింగుల జెప్పు," అని నన్ను ఎక్కించుకోకుండానే వెళ్లిపోయింది.

ఆదివారం మీటింగులో లేచాను. "గేటు విరగ్గొట్టింది నేను. ఆమెను మీ అందరి ముందు క్షమాపణ అడుగుతున్నాను. ఆమె బండి కింద కూడా చూసేది. నేను అద్దంలోకైనా చూడలేదు."