గట్టు పిన్ని నీడన పెట్టిన యంత్రం

ఆ రోజుల్లో ఉపగ్రహాల సాయంతో భూమి కొలవడం మా ఏలూరు సర్వే ఆఫీసుకి కొత్త, ఉద్యోగానికి నేను కొత్త. (తారీఖుతో సహా చెప్పగలను, మీరు నా వయసు లెక్క కడతారని మానేస్తున్నాను.) కొల్లేటి పక్క చేపల చెరువు కొలవడానికి నన్ను పంపడం మా ఆఫీసరుగారికి బొత్తిగా ఇష్టం లేదు. "సాయంత్రానికి కొలత పూర్తిగా తేవాలమ్మా. లేదంటే రేపటినుంచి మళ్ళీ పటాల నకళ్ళు గీసే బల్ల దగ్గరే" అన్నారు. ఆ బల్లకి తిరిగి వెళ్ళడం కంటే చెరువులో దూకడం మేలనుకుని బయల్దేరాను.

పద్ధతి ఏమిటంటే, ఒక యంత్రాన్ని మూడుకాళ్ళ స్టాండు మీద గట్టున నిలబెట్టాలి. రెండోదాన్ని కర్రకి బిగించుకుని మనం హద్దంతా తిరగాలి. మొదటిది జానెడు జరిగినా రెండోది చెప్పేదంతా తప్పే. ఆ మొదటిదాన్ని చెరువు కాపలాదారు భార్యకి (అందరూ గట్టు పిన్ని అనేవారు) అప్పగించి, "కన్నబిడ్డలా చూసుకోండి పిన్నిగారూ" అని గొప్పగా చెప్పి, బురదలో గట్లన్నీ తిరిగి మధ్యాహ్నానికి వచ్చాను. యంత్రం లేదు!

"పిన్నిగారూ, మిషనేదండీ?" అని అరిచాను. "కేకలేస్తారేంటండీ, ఇప్పుడే చల్లబడింది" అంటూ పాకలోకి తీసుకెళ్ళింది. మేత బస్తాల పక్కన, తాటాకు కప్పు కింద, నెత్తిన తడిగుడ్డతో నిలబడి ఉంది నా యంత్రం. "మీరలా వెళ్ళారో లేదో తెచ్చేశానండీ. ముట్టుకుంటే కాలిపోతోంది, పాపం."

"అయ్యో, దానికి ఆకాశం కనపడాలండీ! కదపకూడదు!"

"కదపొద్దని మీరెప్పుడన్నారండీ? కన్నబిడ్డలా చూసుకోమన్నారు. బిడ్డని ఎండలో వదిలేసే తల్లి ఉంటుందా అండీ?"

నిజమే, అనలేదు. ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి, యంత్రాన్ని మోసుకెళ్ళి గట్టు మీద గుర్తు పెట్టినచోటే నిలబెట్టి, మొదటి హద్దురాయి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి పిన్ని ఓ దుడ్డుకర్ర పుచ్చుకుని కాపలా కూర్చుంది. అవతలి గట్టుకి కూడా ఆవిడ గొంతు వినిపిస్తూనే ఉంది: "ఓసి కొంగా, దాని మీద వాలావంటే చూడు!"

పొద్దుగూకే వేళకి ఆఫీసుకి చేరితే, ఆఫీసరుగారు నా చీర మీది బురద చూసి, "ఒక్క చెరువుకి ఇంతసేపా అమ్మా?" అన్నారు. "రెండుసార్లు కొలిచానండి" అన్నాను. (అబద్ధం కాదు కదా.) "పనంటే అలా ఉండాలి" అంటూ మర్నాడు వెళ్ళాల్సిన చెరువు చెప్పారు.

మొన్న తాడేపల్లిగూడెంలో మా వీధి కొలవడానికి ఒక అమ్మాయి వచ్చి, అలాంటి యంత్రాన్నే నడిఎండలో నిలబెట్టింది. చూస్తూ కూర్చోలేక గొడుగు తీసుకుని వెళ్ళాను. "మామ్మగారూ, దానికి పట్టకండి, సిగ్నల్ అందదు!" అని కంగారుపడింది. "దానికి కాదమ్మా, నీకు" అన్నాను. (గుమ్మం దిగేటప్పుడు ఎవరి కోసం బయల్దేరానో మాత్రం ఖాయంగా చెప్పలేను.)